మూడు సెకన్ల దొంగ

నిన్న రాత్రి ఫోన్లో దొరికింది,
మేం ఏడుసార్లు చూసిన ఆ సముద్రపు దొంగల సినిమా.
రంగులు వెలిసి, అడుగున ఎవడిదో చానెల్ పేరు అంటించుకుని,
మధ్యలో రెండుసార్లు పంటినొప్పి మందు ప్రకటన.

మా చిన్నదాన్ని పిలిచి కూచోబెట్టాను.
"చూడవే, ఇప్పుడొస్తుంది మొసలి."
వచ్చింది.
రెక్సిన్ మొసలి. కడుపు కింద కుట్టు ఊడింది.
హీరో దాన్ని కౌగిలించుకుని తనే దొర్లుతున్నాడు,
అది పాపం ఎటు దొర్లిస్తే అటు.
"నాన్నా, అది సోఫానా?" అంది.

ఓడ మునిగేచోట తొట్టి అంచు కనబడింది.
లోయ దాటేచోట నడుముకి తీగ కనబడింది.
మొహాలకు మసి పూసుకుని
హూ హా అంటూ గంతులేసే కొండజాతి వాళ్లొచ్చేసరికి
నా వేలే గబుక్కున ముందుకు జరిపేసింది.
బెంచీలెక్కి ఈలలేసింది అక్కడే మేం.
పాడేరు నుంచొచ్చి హాస్టల్లో చదివే కొర్రా సుందర్రావు
ఆ సీనంతా వంగి చెప్పు వెతుక్కున్నాడు.
వాడికి ఎంతకీ దొరకలేదు.
ఇన్నేళ్లకి నాకు దొరికింది.

ఎక్కడికెళ్లింది మరి, అప్పటి ఒళ్లు జలదరింపు?
హాలు బయటికొస్తే కోటవీధి సందులన్నీ సొరంగాలు.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరిగిందంటే దొంగలకి సైగ.
షిప్‌యార్డు సైరను మోగితే, అదిగో, లంగరెత్తేశారు.
సిమెంటు సంచీ కాగితం మీద టీ డికాషను పోసి
పటం గీసుకుని
తెల్లదొరల సమాధుల వెనకాల తవ్వితే
సోడా గోలీ ఒకటి దొరికింది,
గుర్రపు నాడా కాబోయి ఆగిపోయిన ఇనపముక్క ఒకటి.
ఇనుప రాయి ధూళి పట్టిన చొక్కాలతో ఇంటికెళ్తే
"ఏ గనిలో పడ్డారర్రా" అనేది అమ్మ.
నిజమే కదా అనుకునేవాళ్లం.

చిన్నది ఎప్పుడో లేచి వెళ్లిపోయింది.
నేను మాత్రం చూస్తున్నాను,
కావలసిన మనిషి అబద్ధం చెబుతుంటే
మధ్యలో ఆపలేక వింటున్నట్టు.

ఆఖరి పోరాటం. ఏ దేశమో తెలియని ఎడారి.
ఎడారేంటి, మన ఎర్రమట్టి దిబ్బలు!
కుడి మూల కరెంటు స్తంభం, దాని మీద కాకి.
వెనక సముద్రంలో తాపీగా పోతున్న తెప్ప,
సినిమాతో ఏ సంబంధమూ లేకుండా.

అప్పుడు గుర్తొచ్చాడు ఎల్లాజీ.
జాలరిపేట ఎల్లాజీ.
"ఆ పడిపోయినోడు మా అయ్యరా,
రోజుకి ఇరవై రూపాయలూ పులిహోర పొట్లమూ ఇచ్చినారు."
ఆరుసార్లు చెప్పాడు.
ఆరుసార్లూ నవ్వాం.
ఏడోసారి వాడు మాతో రాలేదు.

వెనక్కి జరిపాను. ఆపాను. పెద్దది చేశాను.
తలగుడ్డ, అంటించిన మీసం, చెక్క కత్తి.
మూడు సెకన్లు.
కోర్లయ్యే.
వల భుజాన వేసుకుని హార్బరులో
ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచే కోర్లయ్య.
పొట్టలో కత్తి దిగింది
(చంకలో అని తెలుస్తూనే ఉంది).
పడ్డాడు.
పడ్డవాడు, చచ్చిపోయినవాడు,
కంట్లో ఎండ కొడుతోందని
మెల్లిగా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
డైరెక్టరు చూసుకోలేదు.
ఏడుసార్లు చూసి మేమూ చూడలేదు.

ఆ బొమ్మని ఎల్లాజీకి పంపించాను.
ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ కాబోలు,
మిషను రొదలోంచి వాడి గొంతు:
"సెప్పినానా నేదా?"
కాసేపు రొద ఒక్కటే.
"ఆధార్ కార్డు మీద తప్ప అయ్య ఫొటో నేదురా మాకాడ.
ఒరే, అలా పడిపోయినాక
మళ్లా లెగుస్తాడేటి? సూసి సెప్పు."

తెర మీద కోర్లయ్య
ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.
నేనింకా ప్లే నొక్కలేదు.